ఉప్పు తగినంత

ఆ ఆదివారం పొద్దున ఇంట్లో ఐదుగురం ఉన్నాం. ముందు గదిలో మంచం మీద నాన్న. ఆయన వాచిన కాళ్లను ఒళ్లో పెట్టుకుని మేనత్త. గడప మీద కూర్చుని ఎవరిదో పగిలిన ఫోను విప్పుతున్న అన్నయ్య. వంటింట్లో వెలిగించని పొయ్యి ముందు అమ్మ. రెండు గదులకీ మధ్య గోడకు అతుక్కుని నేను.

అత్త పక్కన సర్దిన సంచి ఒకటి ఉంది. అందులో ఉన్నవి అత్త బట్టలు కావు. నాన్నవి.

నిన్న భోజనాల దగ్గర మొదలైన గొడవ ఇంకా చల్లారలేదు. అత్త కాళ్లు ఒత్తుతూనే ఉంది, అంటూనే ఉంది.

"ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అది కూరా? సముద్రం! రోజూ అది తింటే మనిషి స్టీరింగు మీద వాలిపోడా మరి? డిపోలో ఆగి ఉన్న బస్సు కాబట్టి సరిపోయింది. రోడ్డు మీద అయితే? వెనకాల అంతమంది జనం!"

"అక్కా, ఇంక ఆపు" అన్నాడు నాన్న.

"నువ్వు మాట్లాడకు. డాక్టరు ఏమన్నాడు? ఉప్పు తగ్గకపోతే బీపీ తగ్గదు, బీపీ తగ్గకపోతే మళ్లీ బస్సు ఎక్కే మాటే లేదన్నాడు. ఇంత చదువుకున్న డాక్టరుకి, ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారో మాత్రం తెలీదు పాపం."

మా ఇంట్లో అన్నం దగ్గర వంక పెట్టకూడదు. అది నాన్న పెట్టిన కట్టుబాటు. మా తాతకు కూర నచ్చకపోతే కంచం గోడకేసి కొట్టేవాడట. ఆ గోడ మీద మరకలు చూస్తూ పెరిగిన నాన్న, తన ఇంట్లో ఆ మాటే వినపడకూడదనుకున్నాడు. బాగుంటే బాగుందనొచ్చు. బాగాలేకపోతే తినేసి లేవాలి. అన్నయ్యా నేనూ అలాగే పెరిగాం.

కిందటేడు జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి అమ్మ నాలుకకు రుచి తెలియదు. ఉప్పు లేదు, పులుపు లేదు, చేదు కూడా లేదు. ఈ సంగతి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాన్న పడిపోయాడని కబురు వచ్చి బడి హాస్టలు నుంచి పరుగెత్తుకొచ్చిన రోజున, అమ్మ చేదు మాత్రను చక్కెర బిళ్లలా చప్పరిస్తూ కనిపించింది. అడిగితే ముందు కసిరింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఎవరికీ చెప్పకు" అని మాట తీసుకుంది.

అమ్మ మా ముఖాలు చూసి ఉప్పు వేసేది. ఎవరైనా రెండో ముద్దకు ఆగితే చప్పగా ఉందేమో అనుకుని మర్నాడు ఇంకాస్త వేసేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అలా ఏడాది.

"సాయంత్రం బస్సుకి మా ఊరు తీసుకుపోతున్నా" అంది అత్త. "చిన్నప్పుడు చంకనేసుకుని తిప్పినదాన్ని, ఇప్పుడు ఇంత ముద్ద పెట్టలేనా? మిషను కుట్టుకుంటూనే చూసుకుంటా. నయమయ్యాక కూడా అక్కడి డిపోకే మార్పించుకుంటాడు. ఈవిణ్ణి ఇక్కడే ఉండి, ఆ సముద్రంలో ఈదుకోమను."

అన్నయ్య ఫోను పక్కన పెట్టాడు. "అత్తా, డాక్టరు ఇంకో మాట కూడా అన్నాడు. రోజువారీ వంటకి మంచి ఆరోగ్య పత్రిక ఏదైనా చూసుకుని, కొలత ప్రకారం వండుకోండి అన్నాడు."

"కాగితం చూసి కుట్టేవాళ్లున్నారు గానీ, కాగితం చూసి వండేవాళ్లని నేను చూళ్లేదురా."

"ఇవాళ చూద్దువు గాని."

నాన్న గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అటే చూస్తూ అన్నాడు. "మధ్యాహ్నం భోజనం కానీ అక్కా. తిన్నాక నీ ఇష్టం."

అత్త సంచిని కాలితో కొంచెం జరిపింది. ఒప్పుకున్నట్టో, ఇంకా దగ్గర పెట్టుకున్నట్టో నాకు అర్థం కాలేదు.

అన్నయ్య నా చేతిలో నోటు పెట్టి, "నువ్వెళ్లి మంచిది చూసి తీసుకురావే. మన ఇంట్లో కుదురుగా చదివేది నువ్వేగా" అన్నాడు.

"మూగమ్మ వెళ్లి బేరం ఆడి తెస్తుందా?" అంది అత్త. "కొట్టువాడు పలకరిస్తే ఏడుస్తుందది."

వెళ్లేముందు వంటింట్లోకి తొంగి చూశాను. అమ్మ నన్ను చూసి పెదాలు మాత్రం కదిపింది. అంకెలున్నది తీసుకురా, అంది.

*

పత్రికల కొట్టు బస్టాపు పక్కనే. తీగకు బట్టల క్లిప్పులతో పత్రికలు వేలాడుతున్నాయి. కొట్టాయన ముక్కు మీదికి జారిన కళ్లజోడు పైనుంచి చూశాడు.

"ఏం కావాలమ్మా?"

నేను వేలాడే పత్రికలవైపు చూశాను. మళ్లీ అడిగాడు.

"వంటలది."

"వంటలవి బోలెడున్నాయి. చిరుతిళ్లా, కేకులా, విందు భోజనాలా?"

"రోజూ ఇంట్లో తినేవి. ఒంటికి మంచివి."

ఆయన దొంతర తీసి బల్ల మీద పడేశాడు. మొదటిది బరువుగా, నున్నగా ఉంది. అట్ట మీద ఒకావిడ గరిటె పట్టుకుని పళ్లన్నీ కనపడేలా నవ్వుతోంది. లోపల పేజీ తీశాను. బీన్సు అంత, క్యారెట్టు అంత, నూనె ఇంత. కిందికి వచ్చాను. ఉప్పు: తగినంత.

రెండోదాంట్లో ఉప్పు: రుచికి సరిపడా. మూడోదాని మీద మెడలో స్టెతస్కోపుతో డాక్టరు బొమ్మ ఉంది. ఇదే అనుకున్నాను. తీసి చూస్తే, ఉప్పు: వీలైనంత తక్కువ.

ఎవరికి తగినంత? ఎంత సరిపడా? ఇవి రాసినవాళ్లందరూ కూర అరచేతిలో వేసుకుని నాకి చూసినవాళ్లే. నూనె కొలిచారు, నీళ్లు కొలిచారు, జీలకర్ర కూడా కొలిచారు. ఉప్పు దగ్గరకొచ్చేసరికి అందరూ చేతులెత్తేశారు. అమ్మ మునిగిపోతున్నది సరిగ్గా అక్కడే.

నాలుగోది తీశాను. ఐదోది తీశాను. తొందరలో పేజీలు రెండేసి తిరుగుతున్నాయి.

"ఏమ్మా, ఇది కొట్టా, గ్రంథాలయమా?" అన్నాడు కొట్టాయన. "అన్నీ చదివేసి ఇంటికెళ్లి వండేస్తావా?"

పక్కన బస్సు కోసం నిలబడ్డవాళ్లు నవ్వారు. వెళ్లిపోదామనిపించింది. కానీ ఏ మొహంతో వెళ్లను? వెళ్తే అత్త సంచి భుజాన వేసుకుంటుంది, అంతే.

"ఉప్పు ఎంతో రాసింది కావాలండీ" అన్నాను.

"ఏంటీ?"

"ఉప్పు. ఎన్ని చెంచాలో రాసింది."

ఆయన కళ్లజోడు తీసేశాడు. "ఉప్పెంతో తెలీనివాళ్లు వంటింట్లోకి ఎందుకెళ్తారమ్మా? ఎవరికిది?"

నోటిదాకా వచ్చింది. మింగాను. "నాకే."

"అదీ సంగతి! పోనీలే, నేర్చుకో." ఆయన నవ్వుతూ వంగి, బల్ల కింద తిరిగి పంపడానికి కట్టిన కట్టలోంచి ఒకటి లాగాడు. పల్చగా ఉంది. అట్ట మీద బొమ్మ కూడా లేదు. "ఆస్పత్రుల్లో వంట చేయించేవాళ్లు రాస్తారట. దీన్ని చూస్తే ఆకలి చచ్చిపోతుందని ఎవరూ కొనరు. చూడు."

చూశాను. నలుగురైదుగురికి బీన్సు కూర. ఉప్పు: చదునుగా తీసిన అర టీచెంచా. పేజీ తిప్పాను. ఉప్పు: పావు టీచెంచా. ఇంకో పేజీ. అక్కడా అంకే. మొదటి నుంచి చివరిదాకా ఎక్కడా తగినంత అన్న మాటే లేదు.

అక్కడే నిలబడి కళ్లు తుడుచుకున్నాను. కొట్టాయన కంగారుపడి, "అరే, నేను సరదాకి అన్నానమ్మా" అన్నాడు.

*

మా ఇంట్లో ఉన్న చెంచాలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు. దగ్గు మందు సీసాతో వచ్చిన గీతల మూత గుర్తొచ్చింది. దాని కింది గీత టీచెంచా అని బడిలో నర్సమ్మ ఒకసారి చెప్పింది. కడిగి, తుడిచి, అమ్మకు ఇచ్చాను.

అమ్మకు చదువు రాదు. నేను పత్రిక పట్టుకుని గొంతు తగ్గించి చదువుతుంటే, అమ్మ ఒక్కొక్కటే చేసుకుపోయింది. బీన్సు సన్నగా తరిగింది. నాలుక పోయినా చేతులకు ఏమీ కాలేదు. అవి ఎప్పటిలాగే చకచకా నడుస్తున్నాయి. ఉప్పు డబ్బా తీసేసరికి మాత్రం ఆగిపోయాయి.

మూతలో కింది గీతకు సగందాకా ఉప్పు పోసి, వేలితో చదును చేసింది.

"ఇంతేనా?"

"ఇంతే రాశారమ్మా."

"ఐదుగురికి ఇంతేనా? చప్పగా చస్తుందే. మీ అత్త తుపుక్కున ఊస్తుంది."

"కొంచెం నేను చూసి చెప్పనా?"

"వద్దు. ఆవిడ చెవులు ఇక్కడే ఉన్నాయి."

ఉన్నాయి. ఆ వెంటనే మనిషి కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఏంటి గుసగుసలు? కూర వండుతున్నారా, మంత్రాలు చదువుతున్నారా?" అంది అత్త. నా చేతిలోని పత్రిక చూసింది. "మూగమ్మకి మాటలొచ్చాయే! చదువు, చదువు. నేనూ వింటాను."

అక్షరాలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. అయినా చదివాను. "మూత పెట్టి సన్నటి మంట మీద మగ్గనివ్వాలి. దించాక నిమ్మరసం పిండాలి."

"వదినా, పొగ పట్టేస్తుంది. వెళ్లి కూర్చోండి" అంది అమ్మ మెల్లిగా.

"పొగకి భయపడేదాన్నయితే తల్లి లేని తమ్ముణ్ణి పెంచేదాన్నా?" అత్త కదల్లేదు. అయితే ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కోపం లేదు. బెంగ ఉంది. "వాడి కాళ్లు చూశావా? నొక్కితే నా వేలు గుంట పడి, ఆ గుంట అలాగే ఉండిపోతోంది. చూశావా నువ్వు?"

అమ్మ కూరలో గరిటె తిప్పుతూ ఉండిపోయింది. తిప్పాల్సిన అవసరమే లేదు.

*

కంచాలు పెట్టాం. నాన్నను అన్నయ్య పట్టుకొచ్చి పీట మీద కూర్చోబెట్టాడు. అమ్మ అన్నం వడ్డించింది, కూర వడ్డించింది, పక్కన దోసకాయ ముక్కలు పెట్టింది. వడ్డించి గోడ దగ్గర నిలబడి మా ముఖాలు చూడసాగింది. ఆ చూపు ఎందుకో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు.

అత్త మొదటి ముద్ద కలిపింది. నమిలింది.

నేను నా ముద్ద నోట్లో పెట్టుకున్నాను. సరిపోయింది! ఉప్పు సరిపోయింది. చిన్నప్పుడు అమ్మ చేసే కూరే. లేచి అమ్మను పట్టుకోవాలనిపించింది.

"భలే ఉందమ్మా" అన్నాడు అన్నయ్య. నోటినిండా అన్నంతోనే నవ్వాడు.

నాన్న తలెత్తి అమ్మను చూశాడు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన అమ్మ ముఖం చూడటం అదే మొదలు. "బాగుంది" అన్నాడు. "ఇంకొంచెం వెయ్యి."

అమ్మ చెంపల్లో నవ్వు మెదిలింది. కూర గిన్నె తీసుకుని వంగింది.

అత్త తింటూనే ఉంది. కంచం ఖాళీ చేసింది. చెయ్యి కడుక్కోలేదు. ఎండుతున్న వేళ్లను అలాగే పెట్టుకుని అమ్మవైపు చూసింది.

"సరిగ్గా ఉంది. చిటికెడు ఎక్కువ లేదు, తక్కువ లేదు."

"చూశావా అత్తా!" అన్నాడు అన్నయ్య.

"చూశాన్రా. బాగా చూశాను. వెయ్యాలనుకుంటే ఇంత బాగా వేస్తుందన్నమాట." అత్త కంచం పక్కకు తోసింది. "వంట రాక పాడుచేసిందంటే, పోనీ పిచ్చిది అనుకుందును. రాకేం? కిందటేటిదాకా ఈ ఇంటికొస్తే వేళ్లు నాక్కుని తిన్నదాన్ని నేనే కదా. మరి ఏడాది నుంచీ ఆ ఉప్పు ఎందుకేసినట్టు? ఇవాళ నేను సంచి సర్దేసరికి ఎలా తగ్గినట్టు?"

అన్నయ్య నవ్వు ముఖం మీదే ఉండిపోయింది. "పత్రిక చూసి కొలిచింది కదా అత్తా..."

"పెళ్లయిన కొత్తలో ఏ పత్రిక చూసి వండిందిరా?"

నేను తెచ్చిన పత్రిక వంటింటి గట్టు మీద తెరిచే ఉంది. దాన్ని నేనే ఏరి తెచ్చాను.

నాన్న ముద్ద కంచంలో వదిలేశాడు.

"నాకు తెలుసక్కా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కోపమని." ఆయన అత్తతో మాట్లాడుతున్నా చూపు కంచంలోనే ఉంది. "వాళ్లమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదని నేను బయల్దేరలేదు. దాన్ని ఒక్కదాన్నయినా పంపలేదు. మేం వెళ్లేసరికి అంతా అయిపోయింది. ఆ వారమే జ్వరంతో పడింది. లేచిన దగ్గర నుంచీ ఈ ఉప్పు. నన్ను ఒక్క మాట అనలేదు. ఇలా అంటోందనుకున్నా. తీరేదాకా తిందాంలే అనుకున్నా."

"తెలిసీ తిన్నావురా?" అత్త గుండె మీద చెయ్యి వేసుకుంది. "తెలిసీ?"

"ఉప్పే కదక్కా అనుకున్నా."

అమ్మ చేతిలో కూర గిన్నె ఒక పక్కకు ఒరిగింది. గిన్నె జారకుండా అన్నయ్య పట్టుకున్నాడు. అమ్మ నాన్నవైపే చూస్తోంది. ఏడాదిగా ఆయన ముఖంలో తను వెతికింది చప్పదనం. ఆయన దాచింది ఇది.

"సాయంత్రం బస్సుకే వెళ్దాం అక్కా" అన్నాడు నాన్న. "కోపం తెచ్చుకోవడం దాని హక్కే. నేనే ఇంక తినలేను."

అత్త సంచి అందుకుంది.

మాట ఇచ్చాను. కానీ నాన్న వెళ్లిపోతున్నాడు. అమ్మ పగబట్టిందనుకుని వెళ్లిపోతున్నాడు. బడిలో ప్రశ్నకు జవాబు తెలిసినా చెయ్యి ఎత్తనిదాన్ని, ఎలా లేచానో తెలియదు.

"కోపం కాదు."

అందరూ నావైపు తిరిగారు.

"కోపం కాదు నాన్నా. అమ్మకి రుచి తెలీదు. జ్వరం వచ్చినప్పటి నుంచీ. ఉప్పో చక్కెరో కూడా తెలీదు. మన ముఖాలు చూసి వేస్తోంది. మనం ఎవరం ఏమీ అనలేదు కదా, అందుకని..."

అత్త చేతిలో సంచి అలాగే ఉంది. అన్నయ్య నోరు తెరిచాడు. నాన్న మెల్లిగా గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. సాయం లేకుండా లేవొద్దన్న డాక్టరు మాట ఎవరికీ గుర్తు రాలేదు.

"నిజమా?" అన్నాడు అమ్మతో.

అమ్మ నన్ను చూసింది. తర్వాత అత్తను చూసింది. అత్త చూపు అప్పటికే వంటింటివైపు, గట్టు మీది డబ్బాలవైపు, పొయ్యివైపు తిరిగింది.

"అబద్ధం" అంది అమ్మ.

"అమ్మా!"

"చిన్నపిల్ల. నా మీద జాలితో కథలు అల్లుతోంది. నాలుకకేం? దివ్యంగా ఉంది."

"మరి?" అన్నాడు నాన్న. ఆయన గొంతు బతిమాలుతున్నట్టుంది. "మరి ఎందుకు?"

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. బాగా తుడుచుకుంది.

"మీరన్నదే. కోపమే."

నాన్న మెల్లిగా మళ్లీ కూర్చుండిపోయాడు. అత్త సంచి భుజానికి తగిలించుకుని, ఒరేయ్, చొక్కా మార్చుకో అంది నాన్నతో. ఆ మాటలో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయింది. వెనకాలే పరుగెత్తాను.

"ఎందుకమ్మా అలా అన్నావు?"

"నిన్నెవరు చెప్పమన్నారు?"

"నాన్న వెళ్లిపోతున్నాడమ్మా!"

"వెళ్లనీ. కోపం తగ్గిందని కబురు పెడితే వస్తారు. కోపమైతే తగ్గుతుంది." అమ్మ గొంతు నాకు మాత్రమే వినపడేంత సన్నగా ఉంది. "నాలుక చచ్చిందంటే ఎవరు తెచ్చిస్తారు? మీ అత్తే వచ్చి ఈ పొయ్యి దగ్గర నిలబడుతుంది. అప్పుడు నన్నెక్కడ నిలబడమంటావు? చెప్పు. ఈ ఇంట్లో ఇంకెక్కడుంది నాకు చోటు?"

"పత్రిక ఉందిగా. ఇవాళ కుదిరిందిగా. నేను చదువుతాను, నువ్వు వండు."

"రేపోమాపో నువ్వు మళ్లీ హాస్టలుకి పోతావు. అప్పుడెవరు చదువుతారు?"

బడి మానేస్తానని అనబోయాను. అమ్మ నా ముఖంలో ఆ మాట ముందే చూసింది. మా ముఖాలు చదవడం ఆమెకు బాగా అలవాటు.

"ఆ మాట కూడా అనకు" అంది. "మాట ఇచ్చి తప్పావు. ఇవాళ్టికి నా ఎదుటికి రాకు."

నేను తలుపు చెక్కను పట్టుకుని అలాగే నిలబడ్డాను. ముందు గదిలో అన్నయ్య నాన్నను ఏదో అడుగుతున్నాడు. అమ్మ ఒక్కొక్క వేలూ విడదీసి నా చేతిని చెక్క మీంచి తీసేసింది. సందులో వేళ్లేమైనా ఉన్నాయేమోనని ఒకసారి వంగి చూసింది.

తర్వాత తలుపు మూసేసింది.